టీవీలో వడ్రంగం చూసి పని నేర్చుకోవచ్చా? నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో పీబీఎస్ అనే పబ్లిక్ టీవీలో వచ్చే వడ్రంగం కార్యక్రమాలు చూస్తే నిజంగా పని వస్తుందా, లేక శనివారం పొద్దుపోవడానికేనా? వస్తుందండీ. ఈ జవాబు రాస్తున్న బల్ల నేను చేసుకున్నదే. అయితే ఏ కార్యక్రమంలో ఏమి చూడాలో తెలియడానికి నాకు ఐదారేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టనక్కర లేదని ఇంత వివరంగా రాస్తున్నాను.

2005లో ఉద్యోగం మీద నార్త్ కరోలినాలోని ర్యాలీ నగరం దగ్గరికి వచ్చాం. కేబుల్ పెట్టించుకోలేదు. యాంటెనాకు దొరికే నాలుగైదు చానళ్లలో పబ్లిక్ టెలివిజన్ ఒకటి. అందులో మధ్యలో ప్రకటనలు రావు. చెక్కపని చూసేవాడికి ఇది ఎంత మేలో నాలుగు వారాలు చూస్తే తెలుస్తుంది. పట్టుకున్న పని తెగిపోకుండా సాగుతుంది, మన దృష్టి కూడా దాని మీదే నిలుస్తుంది.

నేను ముందుగా పట్టుకున్నది నార్మ్ ఏబ్రమ్ చేసిన ‘ది న్యూ యాంకీ వర్క్‌షాప్’. బోస్టన్‌లోని పబ్లిక్ టీవీ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్ నుంచి 1989లో మొదలై 2009 వరకు వచ్చింది. దాని నిర్మాత రస్సెల్ మోరాష్ అంతకు చాలా ముందు, 1963లోనే, జూలియా చైల్డ్ వంటల కార్యక్రమాన్ని తీసినవారు. నార్మ్ పని చూస్తుంటే ఆ వంటింటి క్రమం ఇక్కడా కనిపిస్తుంది. ఏయే ముక్కలు కావాలో ముందే కోసి పెట్టుకోవడం, జిగురు పూయకముందే అన్నీ ఒకసారి బిగించి చూసుకోవడం, ఆ తరువాతే అసలు పని. ఒక బీరువాను చూసి ‘దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని బెదిరిపోయే మనిషికి నార్మ్ కంటే మంచి గురువు లేరు. ప్రతి వారం యంత్రాలు ముట్టుకునే ముందు ఆయన భద్రతా నియమాలు చెప్పి, కళ్లద్దాలు తప్పనిసరి అని గుర్తు చేస్తారు. ఆ మాట వచ్చినప్పుడు కాఫీ తెచ్చుకోవడానికి లేవకండి. రంపపు పొట్టు కంట్లో పడిన రోజు నేను మానేసింది కళ్లద్దాలు పెట్టుకోవడం ఒక్కటే.

అయితే అరగంట కార్యక్రమంలో కనబడనివి కొన్ని ఉంటాయి. జిగురు ఆరే గంటలు కనబడవు. ఎమరీ కాగితంతో రుద్దిన సాయంత్రాలు కనబడవు. అన్నిటికంటే ముఖ్యం, చెక్క సంగతి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. 2008 వేసవిలో రెడ్ ఓక్ పలకలు అతికించి దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పున భోజనాల బల్ల చేశాను. పైపలకను కింది చట్రానికి మరలతో గట్టిగా బిగించేశాను. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకున్నాను. జనవరిలో ఒక రాత్రి హాల్లోంచి ఫట్‌మని శబ్దం. లైటు వేసి చూస్తే పలక మీద ఈ చివరి నుంచి మూరెడు దాకా పగులు, వెన్న రాసే కత్తి అందులో దూరేంత. మా అమ్మాయి నిద్రకళ్లతో వచ్చి ఆ పగుల్లో వేలు పెట్టి చూసింది.

చెక్క పొడవులో దాదాపు మారదు. వెడల్పులో మాత్రం గాలిలోని తేమను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఇక్కడ వేసవి ఉక్కపోత, చలికాలంలో హీటరు వేసిన పొడి గాలి. ఫ్లాట్-సాన్ పద్ధతిలో (దుంగను వరసగా పలకలుగా) కోసిన రెడ్ ఓక్‌లో తేమ నాలుగు శాతం మారితే, 90 సెంటీమీటర్ల వెడల్పుకు ఒక సెంటీమీటరుకు పైగానే తేడా వస్తుంది. మరలు దాన్ని కదలనివ్వలేదు, అది పగిలింది. తరువాత నార్మ్ బల్లలు చేసిన ఎపిసోడ్లు మళ్లీ చూశాను. పైపలకను ఆయన నేరుగా బిగించరు. చట్రం లోపలివైపు గాడి తీసి, ఆ గాడిలో జరిగే చిన్న లోహపు క్లిప్పులతో పట్టిస్తారు. నేను చూస్తూనే ఉన్నాను, కానీ నాకు అది కనబడలేదు. అందుకే చెబుతున్నాను, చేయబోయే వస్తువు ఎపిసోడును కనీసం రెండుసార్లు చూడండి. మొదటిసారి వరుస కోసం, రెండోసారి ‘ఇలా ఎందుకు చేశాడు?’ అని ఆపి ఆపి అడుగుతూ.

రెండో కార్యక్రమం మా రాష్ట్రానిదే. రాయ్ అండర్‌హిల్ చేసిన ‘ది వుడ్‌రైట్స్ షాప్’. 1979లో ఇక్కడి పబ్లిక్ స్టేషన్ యూఎన్‌సీ-టీవీలో మొదలై, 1981 నుంచి దేశమంతటా ప్రసారమై, 2017 వరకు సాగింది. ఆయన వర్జీనియాలో పాత పట్టణాన్ని మ్యూజియంగా నిలిపిన కొలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో పాతకాలపు పద్ధతిలో ఇళ్ల చెక్కపని చేసినవారు. కార్యక్రమంలో కరెంటు పనిముట్టు ఒక్కటీ ఉండదు. మధ్యలో కట్‌లు పెద్దగా లేని చిత్రీకరణ కాబట్టి ఆయన ఆయాసం, పొరపాటు, దాన్ని సరిదిద్దుకోవడం అన్నీ కనిపిస్తాయి. మొదట్లో నాకు ఇది ఎక్కలేదు. మాటల వేగం ఎక్కువ, కొలతలు తక్కువ. దాని విలువ నాకు చూపించింది మా నాన్న.

2011లో నాన్న ఆరు నెలలు మా దగ్గర ఉన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఊళ్లో మా ఇంటి పక్కనే వడ్రంగి సాల. నాగళ్లు, బండి చక్రాలు చేస్తుంటే చూస్తూ పెరిగిన మనిషి. ఒక శనివారం రాయ్ దుంగ మీద గొడ్డలి మొనలాంటి ఇనుప ముక్కలు దిగగొట్టి చీలుస్తున్నారు. నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నారు. “చూడరా, రంపం పెట్టలేదు. నార ఎటు పోతే అటే చీలుస్తున్నాడు. నార తెగని కర్రకు ఉండే బలం కోసిన కర్రకు ఉండదు” అన్నారు. కాసేపటికి రాయ్ పలకకు చిత్రిక పడుతుంటే “ఆగు, ధ్వని మారింది, నార ఎదురు తిరిగింది” అన్నారు. మరో రెండు తోపులకే రాయ్ ఆగి, పలకను అటుది ఇటు తిప్పి మళ్లీ మొదలుపెట్టారు. సన్నని రుసరుస శబ్దం తిరిగి వచ్చింది, పొట్టు రిబ్బనులా చుట్టుకుంటూ లేచింది. ఒక్క మాట అర్థం కాకుండానే నాన్న ఆ పని మొత్తాన్ని చదివేశారు.

ఆ రోజు నుంచి నేను కూడా మాటలు కాదు, పనిముట్టును వినడం మొదలుపెట్టాను. పదునైన చిత్రికది ఒక శబ్దం, మొద్దుబారినదానిది ఒక శబ్దం. నార వెంట తోస్తే ఒకలా, ఎదురు తోస్తే టకటకమని ఒకలా వినిపిస్తుంది. పగిలిన బల్ల సంగతి చెబితే నాన్న అన్నది కూడా గుర్తుంది: “మన తలుపుల్లో పలకకు జిగురు పెట్టరురా, గాడిలో వదులుగా కూర్చోబెడతారు. ఊపిరి పీల్చుకోవాలిగా.”

మీరు మొదలుపెట్టేది ఇలా అయితే బాగుంటుందని నా అభిప్రాయం. యంత్రాలు కొనకండి. అంగుళం లోపు వెడల్పున్న ఒక ఉలి, సన్నపళ్ల రంపం, మూలమట్టం, ఒక కొడతి (చెక్క సుత్తి) చాలు. మొదటి వారాంతం మొత్తం ఉలికి పదును పెట్టడానికే ఇవ్వండి. దుకాణంలో కొన్న ఉలి పని చేయదగ్గ పదునుతో రావడం అరుదు. దళసరి గాజు పలక మీద ఎమరీ కాగితం అంటించి, ముందు ఉలి వెనుక భాగాన్ని చదును చేయండి. తరువాత అంచును 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఒకే కోణంలో పట్టి రుద్దండి. వెనుకవైపు వేలితో బయటికి తడిమితే సన్నని గరుకు అంచంతా ఒకేలా తగలాలి. అప్పుడు దాన్ని తీసేయండి. పైన్ ముక్క కొసను అడ్డంగా కోసి చూస్తే, నలగకుండా నున్నగా తెగాలి. ఇది కుదరనిదే ఏ ఎపిసోడు చూసినా ఫలితం ఉండదు. ఇంతకంటే గట్టిగా చెప్పగల మాట నా దగ్గర లేదు.

ఆ తరువాత ఒక కుసి, అది దూరే ఒక బెజ్జం చేసి ఒక అతుకు కుదర్చండి. అది వదులైనా సరే, పారేయకుండా తారీఖు రాసి పెట్టుకోండి. నావి పదకొండు ఉన్నాయి. ఏడోదాని నుంచి సుత్తి దెబ్బ లేకుండా చేతి ఒత్తిడికే బిగుసుకోవడం మొదలైంది.

రాయ్ కార్యక్రమంలో తరువాతి సీజన్లు పీబీఎస్ వెబ్‌సైటులో చూశాను, నార్మ్ పాత ఎపిసోడ్లు యూట్యూబులో. మీరు మా వైపు ఉంటే పిట్స్‌బరోలో రాయ్ పెట్టిన బడి గురించి కూడా కనుక్కోండి. ఒక్క విన్నపం. 2025లో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కు కేటాయించిన 110 కోట్ల డాలర్లు రద్దు చేసింది. ఇలాంటి కార్యక్రమాలు తీసేవి స్థానిక స్టేషన్లే. వాటికి ఇప్పుడు ప్రేక్షకుల చందాలు మునుపటికంటే ఎక్కువ అవసరం. మేము నెలకు కొంత ఇస్తున్నాం.

మీ దగ్గర దొరికే చెక్క ఏమిటో రాయండి. పైన్ అయితే ఒక రకంగా, ఓక్ అయితే ఇంకో రకంగా మొదలుపెట్టాలి.