పాప సముద్రం అడిగింది, అత్తగారు మాట మానేశారు

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అత్తవారిది భీమిలి దగ్గర మత్స్యకారుల పల్లె. మావారు ఉద్యోగంలో చేరాక సిటీలో అత్తగారి పేరున చిన్న ఇల్లు కొన్నారు. వెనకాల పెరడు ఉంది, జామచెట్టు, పాత బావి ఉన్నాయి. ఫిబ్రవరిలో మా పాపకు అయిదేళ్లు నిండుతాయి. కిందటేడు ఆర్కే బీచ్‌లో అటవీశాఖ వాళ్లు తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే చూసింది. అప్పట్నుంచి దానికి అదే లోకం. ‘నా బర్త్‌డేకి మన పెరట్లో సముద్రం కావాలి’ అంటోంది. ఈవెంట్ వాళ్లతో 60,000 రూపాయల ప్యాకేజీ మాట్లాడి, 5,000 అడ్వాన్స్ ఇచ్చాను. ఆడపడుచు వాళ్లు భోజనానికి వచ్చిన రోజు ఆ డెకరేషన్ ఫొటోలు అందరికీ చూపించాను. గేటు దగ్గర పడవ ఆకారంలో ఆర్చి. అది చూసి అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. మా బావగారు తొమ్మిదేళ్ల కిందట వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ రోజు నుంచి ఆవిడ బీచ్ వైపు రారు, సముద్రపు చేప ముట్టరు. ఇప్పుడు నాతో మాట్లాడక రెండు వారాలైంది. ‘వదిలెయ్, ఏ రెస్టారెంట్‌లోనో కేక్ కోయిద్దాం’ అంటున్నారు మావారు. పాపేమో ‘మామ్మకి నా బర్త్‌డే ఇష్టం లేదా?’ అని అడుగుతోంది. నేను చేసింది అంత తప్పా?

జవాబు: అమ్మా, పాప కోరిక తీర్చాలనుకోవడం తప్పు కాదు. ఆ ఫొటోలు చూపించిన తీరు మాత్రం పొరపాటే. పడవ దొరికి కొడుకు దొరకని తల్లికి, పదిమంది మధ్య, అన్నం ముందు కూర్చుని ఉండగా ఖాళీ పడవ బొమ్మ చూపించారు. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు, ఆవిడకీ తెలిసే ఉంటుంది. కానీ కడుపుకోత ఉద్దేశాల్ని చూడదు. ఆవిడ కేకలు వేయలేదు, పాపను కసరలేదు, లేచి లోపలికి వెళ్లారు. ఆవిడకు చేతనైనంత మర్యాదగా ఆ బాధను దాచుకున్నారు. ఈ రెండు వారాల మౌనాన్ని మీ మీద అలకగా చదవకండి.

మీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. హాల్లో మీ బావగారి ఫొటో ఉండే ఉంటుంది. దానికి దండ వేశారా? సముద్రంలో పోయినవాళ్ల ఇళ్లలో కొన్నిచోట్ల ఏళ్ల తరబడి దండ వేయరు. చూసినవాళ్లు లేరు, తెచ్చి ఇంటి ముందు పడుకోబెట్టిన శరీరం లేదు. మనసులో ఒక మూల, ఏదో ఒడ్డుకు చేరి ఉంటాడేమోనన్న ఆశ అలాగే ఉండిపోతుంది. పాలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మాట్లాడి ఈ రకం బాధను ప్రత్యేకంగా గుర్తించారు. ఉన్నాడని నమ్మలేరు, లేడని ఒప్పుకోలేరు. అందుకే అది కాలంతో పాటు మామూలు దుఃఖంలా చల్లారదు. ‘తొమ్మిదేళ్లయింది కదా, ఇంకా ఎందుకు’ అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాటను అక్కడితో ఆపండి.

ఇంకో మనిషి గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మీవారు. ‘వదిలెయ్’ అని ఆయన అంత తేలిగ్గా అనేశారని మీకు కోపంగా ఉంది. ఆయన పోగొట్టుకున్నది తోడబుట్టిన అన్నను. ఆయనకు చదువు, ఉద్యోగం, సిటీలో ఇల్లు దక్కాయి. అన్న తెల్లారకముందే వల సర్దుకుని వెళ్లేవాడు. తమ్ముడి ఫీజుల్లో ఆ వేట డబ్బు ఎంత ఉందో నాకు తెలియదు, మీకు తెలిసి ఉండొచ్చు. ఆయన రెస్టారెంట్ అంటున్నది ఖర్చు తగ్గించడానికి కాదేమో, తల్లి ముఖం చూడలేకనేమో. కాబట్టి మొదటి మాట మీ ఇద్దరి మధ్య జరగాలి. పార్టీ సంగతి పక్కన పెట్టి, ‘మీ అన్నయ్య గురించి నాకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పండి’ అని అడగండి. ఆయన చెప్పినంత వినండి, మధ్యలో సలహా ఇవ్వకండి.

ఆ తర్వాత అత్తగారి దగ్గరికి ఆయనే ముందు వెళ్లాలి, మీరు తర్వాత. పాపను రాయబారిగా పంపొద్దు. ‘మామ్మా ప్లీజ్’ అని ముద్దుగా అడిగిస్తే ఆవిడ ఒప్పేసుకుంటారు, నిజమే. కానీ కాదనడానికి వీల్లేకుండా చేసి తీసుకున్న ఒప్పుదల అది. మీరు వెళ్లినప్పుడు ‘కానీ’ లేకుండా మాట్లాడండి. ‘అత్తయ్యా, ఆ పడవ బొమ్మ అందరి ముందూ చూపించాను. మీకు ఎలా ఉంటుందో ఆలోచించలేదు. తప్పయింది.’ అంతే. ‘కానీ పాప ఎంతో ఆశ పడుతోంది’ అని దాని వెనకాల తగిలించకండి. ఆ మాట మరో రోజుకు ఉంచండి. ఆవిడ ఏడిస్తే పక్కన కూర్చోండి. ఏమీ అనకపోయినా సరే, కాసేపు అక్కడే ఉండండి.

పాపకు నిజం చెప్పాలి. అయిదేళ్ల పిల్లలు తెలియని ఖాళీని తమ తప్పుతోనే పూడ్చుకుంటారు. మామ్మ మాట్లాడటం లేదంటే నేను ఏదో చేశాననుకుంటారు, మీ పాప ప్రశ్నలో ఉన్నది అదే. ‘నీకో పెదనాన్న ఉండేవాడు. చేపల వేటకు వెళ్లి, సముద్రంలో తప్పిపోయాడు, ఇంటికి రాలేదు. సముద్రం అంటే మామ్మకి ఆయన గుర్తొచ్చి ఏడుపొస్తుంది. నీ మీద కోపం కాదు.’ ఇంత చాలు. ‘నిద్రపోయాడు’, ‘దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడు’ లాంటివి వద్దు, రాత్రిళ్లు నిద్రంటేనే భయపడతారు. ‘చనిపోయాడు’ అన్న మాట వాడాలా వద్దా అన్నది ముందు మీవారిని అడిగి తేల్చుకోండి. అత్తగారి నోట ఇప్పటిదాకా రాని మాట పాప నోట మొదటిసారి వినపడకూడదు.

ఇక పెరడు. ఆ ఇల్లు ఆవిడది, పెరడు ఆవిడది. మీవారు కొన్నారు కదా అనుకోకండి. ఆవిడ వద్దంటే అక్కడ వద్దు. పుట్టింటి మేడ మీదో, కాలనీ పార్కులోనో పెట్టుకోండి, పాపకు ఏ లోటూ ఉండదు. సరే అంటే మాత్రం ఈవెంట్ వాళ్ల సముద్రం కాకుండా, పాప చూసిన సముద్రం చేయండి. అది అడిగింది పడవలు కాదు, ఓడలు కాదు, మత్స్యకన్య కాదు. తాబేలు పిల్లలు. అంటే మీకు కావలసింది నడిసముద్రం కాదు, ఒడ్డు. ఇసుక, గవ్వలు, గుడ్లు. మీ అత్తగారు ఆ చోట నిలబడగలరేమో. పడవ, తెడ్డు, వల, లంగరు, దొంగల ఓడ, మునిగిన నిధి ఆట, ఇవేవీ కేక్ మీద కూడా ఉండొద్దు.

మన తీరానికి వచ్చేవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, ఒక్కోటి వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. గుడ్డు అచ్చం పింగ్‌పాంగ్ బంతంత ఉంటుంది. మీ పని ఎంత సులువో చూడండి! బిల్డింగ్ మెటీరియల్ అమ్మే చోట నాలుగు బస్తాల ఇసుక తెప్పించి (బీచ్ నుంచి తేవద్దు) జామచెట్టు కింద పోయించండి, పిల్లులు పాడు చేయకుండా ముందురోజు దాకా టార్పాలిన్ కప్పండి. అందులో పింగ్‌పాంగ్ బంతులు దాచండి. పిల్లలు చేత్తో తవ్వి, లెక్కపెట్టి, బుట్టలో పెట్టాలి. అటవీశాఖ వాళ్లు గుడ్లను సంరక్షణ కేంద్రానికి మార్చేది దాదాపు ఇలాగే.

తర్వాత పిల్లలే తాబేలు పిల్లలవుతారు. మీ పాత నీలం చీర రెండు కొసలూ ఇద్దరు పెద్దవాళ్లు పట్టుకుని అలల్లా ఊపితే, పిల్లలు ఇసుక దగ్గర్నుంచి పాక్కుంటూ చీర కిందికి వెళ్లాలి. గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల ఎటు వెలుతురుంటే అటు పాకుతుంది. అసలైన ఒడ్డున ఆకాశం కింద సముద్రమే వెలుగుగా కనిపిస్తుంది, రోడ్డు మీద లైట్లు ఎక్కువైతే దారి తప్పి అటు పోతుంది. కాబట్టి ఒక పెద్దాయన చీర వెనకాల టార్చి పట్టుకోవాలి, ఇంకొకరు పక్కనుంచి వేరే టార్చి వేసి దారి మళ్లించాలి. అయిదేళ్ల వాళ్లు ఈ ఆట పదిసార్లు ఆడమన్నా ఆడతారు. ఫిబ్రవరిలో సాయంత్రం ఆరయ్యేసరికి పొద్దు వాలుతుంది, నాలుగున్నరకు మొదలుపెడితే ఈ ఆటకు చీకటి సరిగ్గా అందుతుంది. ఏడు లోపు పిల్లల్ని ఇంటికి పంపేయండి. పిల్లలు ఏడెనిమిది మంది చాలు.

ఒక్క జాగ్రత్త. పెద్దయ్యాక తాబేళ్లు పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి తిరిగొస్తాయని చెబుతారు. పిల్లలకు చెప్పడానికి అందమైన మాటే. అత్తగారు వింటుండగా మాత్రం చెప్పొద్దు.

ఈవెంట్ ప్యాకేజీలో థర్మకోల్ చేపలు, ప్లాస్టిక్ పుల్లల బెలూన్లు ఉండే ఉంటాయి. డెకరేషన్ థర్మకోల్, బెలూన్ పుల్లలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. పైగా, పాలిథీన్ సంచిని జెల్లీఫిష్ అనుకుని మింగే జీవి పేరున ఆ చెత్త ఎందుకు? బెలూన్లు అసలు వద్దనే అంటాను. పగిలిన బెలూన్ ముక్క చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడితే తీయడం చాలా కష్టం. ‘సముద్రం టబ్’ అని నీళ్లలో ఉబ్బే రంగు పూసలు అమ్ముతున్నారు, దయచేసి వాటిని ఇంట్లోకి రానివ్వకండి. ఎండినప్పుడు ఆవగింజంత ఉంటాయి, పిల్ల మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్లిన పిల్లలున్నారు. ఎక్స్‌రేలో సరిగా కనిపించవు కూడా. నీళ్ల టబ్ కూడా పెట్టకండి, రెండంగుళాల నీళ్లలో కూడా చిన్నపిల్ల చప్పుడు లేకుండా మునిగిపోతుంది. మీ బావికి ఇనుప జాలీ ఉందా? లేకపోతే పార్టీ కన్నా ముందు అది వేయించండి. ఉన్నా ఒక పెద్దమనిషి ఆ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవాలి, ఫోన్ చూడకుండా.

తిండి దగ్గర నాకు చాలా ఆశ ఉంది. ఆ రోజు చేపలు వండకండి. మన వంటింట్లో సముద్రం వేరే రూపంలో ఎప్పట్నుంచో ఉంది, బెల్లం గవ్వలు! అత్తగారి దగ్గర గవ్వల పీట ఉండే ఉంటుంది. పార్టీ గురించి ఒక్క మాటా ఎత్తకుండా, ‘అత్తయ్యా, పాపకు గవ్వలు చుట్టడం నేర్పరా?’ అని అడిగి చూడండి. చిన్న పిండి ఉండను పీట మీద బొటనవేలితో నొక్కి చుట్టడం అయిదేళ్ల వేళ్లకు భలే పని. మామ్మ, మనవరాలు పక్కపక్కన కూర్చుంటే పాప అడగాల్సింది అడుగుతుంది, ఆవిడ చెప్పాలనుకుంటే చెబుతారు. మీరు గదిలో లేకపోవడమే మంచిది. నీలం కోసం రంగు డబ్బాలు కొనకండి. శంఖుపుష్పాలు వేడినీళ్లలో వేస్తే సముద్రం రంగు వస్తుంది. పిల్లల ముందే అందులో నిమ్మరసం పిండితే ఊదారంగుకు మారుతుంది, వాళ్ల కేకలు వినాలి. అదే నీళ్లతో చైనా గ్రాస్ జెల్లీ చేయొచ్చు, ఫ్రిజ్ లేకుండానే గడ్డకడుతుంది, పెరట్లో ఎండకు కరగదు. చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచులోంచి వచ్చేదే, పాపకు చెప్పండి.

ఆ సాయంత్రం అత్తగారి కుర్చీ పెరటి గుమ్మం పక్కనే వేయండి, ఎవరినీ దాటకుండా లోపలికి వెళ్లిపోగలిగేలా. కేక్ దగ్గరికి రమ్మని చేయి పట్టి లాగొద్దు, ఫొటోకు పిలవొద్దు. మధ్యలో లేచి వెళ్తే ఎవరూ వెనకాల పరుగెత్తొద్దు, కాసేపయ్యాక మీవారు ఒక్కరే గవ్వల గిన్నె పట్టుకుని వెళ్తే చాలు.

మామూలు రోజుల్లోనూ ఆవిడకు సరిగా నిద్ర లేకపోయినా, తుఫాను హెచ్చరిక టీవీలో వస్తే అన్నం మానేస్తున్నా, అది పుట్టినరోజుతో తీరే సంగతి కాదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ముందు మీవారు మాట్లాడి, ఆవిడతో ఎలా మొదలుపెట్టాలో అడగొచ్చు. తన కోసం కూడా మాట్లాడితే ఇంకా మంచిది.

ఈవెంట్ వాళ్లకు ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. అడ్వాన్స్ 5,000 తిరిగి ఇవ్వకపోతే పోనివ్వండి. పాపకు పెదనాన్న సంగతి, మీవారితో మాట్లాడాక, ఈ వారంలోనే చెప్పండి. గవ్వల పీట అటక మీదుంటే దించి, కడిగి, ఆవిడకు కనిపించే చోట ఆరబెట్టండి.