మొగుడు మంచోడే కదండీ, మరి ఎందుకలా?

ప్రశ్న: నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన 'హెడ్డా గాబ్లర్' నాటకం ఈమధ్యే చదివానండి. మొగుడు టెస్మన్ కొట్టడు, తిట్టడు, అప్పు చేసి మరీ పెద్ద బంగళా తీసుకున్నాడు. అయినా హెడ్డా చివర్లో పిస్తోలుతో కాల్చుకుంటుంది. అసలు బాధేంటి ఆవిడకి? ఇంకోటి, పెళ్ళయ్యాక కూడా గాబ్లర్ అనే ఎందుకు?

జవాబు: ముందు రెండోది చూద్దాం. గాబ్లర్ ఆవిడ పుట్టింటి ఇంటిపేరు. ఆవిడ మొగుడికి పెళ్ళాం కన్నా తండ్రికి కూతురే ఎక్కువ అని చెప్పడానికే ఆ పేరు పెట్టానని ఇబ్సెనే 1890లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ తండ్రి, జనరల్ గాబ్లర్, ఎప్పుడో పోయాడు, మిగిలింది గోడ మీద పటం, ఒక జత పిస్తోళ్ళు, అంతే.

ఇక ఆ బంగళా సంగతి. ఒక రాత్రి పార్టీ నుంచి ఇంటికి దిగబెడుతూ టెస్మన్ మాటలు దొరక్క మెలికలు తిరిగిపోతుంటే జాలేసి, ఈ ఇంట్లో ఉంటే బాగుండు అని ఊరికే అనేసింది, దాంతో నిశ్చితార్థం, పెళ్ళి, ఆరు నెలల హనీమూన్ అన్నీ అయిపోయాయి, ఆ హనీమూన్లో కూడా ఆయన పాత కాగితాలు కాపీ చేసుకుంటూ కూర్చున్నాడు! వయసు 29 వచ్చేసింది, ఇంకెవరూ కనపడలేదు, చేసేసుకుంది. వదిలి పోదామంటే నలుగురూ ఏమనుకుంటారో అని చచ్చేంత భయం.

అలాగని నేను ఆవిడని వెనకేసుకు రావట్లేదు. టోపీ సీను గుర్తుందా? టెస్మన్ మేనత్త, హెడ్డాతో వీధిలో నడిస్తే ఆ పిల్లకి నామోషీ కాకూడదని కొత్త టోపీ కొనుక్కుని వస్తుంది పాపం. హెడ్డా ఏమో పనిమనిషి తన పాత టోపీ ఇక్కడ పడేసిందేంటి అంటుంది, తెలిసే. తర్వాత తనే ఒప్పుకుంటుంది, ఎందుకలా చేస్తానో నాకే తెలీదని. నాకైతే, ఆవిడ పాత స్నేహితుడు లోవ్‌బోర్గ్ రాసిన పుస్తకం రాతప్రతిని ఆవిడ కాల్చేసిన సీను కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

మొగుడు మంచోడే అన్నారు కదా, చివరి అంకం ఇంకోసారి చదవండి. హెడ్డా కాల్చేసిన ఆ పుస్తకాన్నే నోట్సులోంచి మళ్ళీ కట్టడానికి టెస్మన్, ఆ పుస్తకం రాయడంలో లోవ్‌బోర్గ్‌కి సాయపడిన థేయా పక్కపక్కన కూర్చుంటారు. నా వల్ల మీకేమైనా సాయం కావాలా అని హెడ్డా అడుగుతుంది. అబ్బే, ఏమీ అక్కర్లేదు అంటాడు టెస్మన్, చాలా మర్యాదగా.