నీళ్ళు ఎటు నుంచి వచ్చాయో రాయలేదు నువ్వు

చిరంజీవి అమ్మాయికి,

ఇండొనేసియాలోని బాలి దీవిలో జాతిలువి అనే ఊరి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండో పేజీలో "జాతిలువిలో కాలం ఆగిపోయింది" అన్న వాక్యం దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు పొద్దున మళ్ళీ తీశాను. నాలుగో పేజీలో ఇంకో వాక్యం కనబడింది. దాని కోసమే ఈ ఉత్తరం. ముందు కోపం సంగతి చెప్పనీ.

వరి పండించే ఊళ్ళో కాలం ఎలా ఆగుతుందమ్మా? నారు పోసిన రోజు నుంచి కోత దాకా వాళ్ళకు రోజుల లెక్కే బతుకు. బాలి వాళ్ళకు 210 రోజుల పంచాంగం ఒకటి, చాంద్రమానం ఇంకొకటి. రెండూ చూసుకుని పనులు పెట్టుకుంటారు. ఏ మడికి ఏ రోజు నీళ్ళో రైతులంతా కూర్చుని తేల్చుకుంటారు. అలాంటి ఊరిని పట్టుకుని కాలం ఆగిపోయిందన్నావంటే, అక్కడ ఎవరినీ నువ్వు ఏమీ అడగలేదని నాకు తెలిసిపోయింది.

బటుకారు కొండ 2,276 మీటర్లు, ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తున, తబనాన్ జిల్లా, 2012లో యునెస్కో గుర్తింపు. ఇవన్నీ నీ మొదటి పేజీలో ఉన్నాయి, సరిగ్గానే ఉన్నాయి. తబనాన్‌ను బాలి ధాన్యపు కొట్టు అంటారని కూడా రాశావు. ఎందుకంటారో రాయలేదు. కొండ మీద అడవి ఉంది. ఆ అడవిలో గుడి ఉంది. గుడి పవిత్రమని అడవిని కాపాడుకున్నారు, అడవి వాననీటిని పట్టి ఉంచుతోంది. అగ్నిపర్వతపు మట్టి, ఏడాది పొడుగునా ఊట. ఆ నీళ్ళ వెంట కిందికి నడిచి ఉంటే తబనాన్ మొత్తం, సముద్రపు ఒడ్డున తానా లోట్ గుడి దాకా, నీ వ్యాసంలోకి దానంతట అదే వచ్చేది.

నలభై ఏళ్ళుగా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేను చెప్తున్నది ఇదే. ఊరి గురించి రాయాలంటే ముందు నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో కనుక్కో. ఎవరు వదులుతారు, ఎవరికి ముందు, ఎవరికి చివర, తగాదా వస్తే ఎవరు తీరుస్తారు. కులం, డబ్బు, దేవుడు, ప్రభుత్వం అన్నీ ఆ కాలువలోనే కనబడతాయి.

నీ వ్యాసంలో పెద్ద తప్పు అక్కడే జరిగింది. "సుబాక్ అనేది గ్రామ కమిటీ" అని రాశావు. కాదు తల్లీ. ఊరి హద్దు వేరు, సుబాక్ హద్దు వేరు. ఒకే కాలువ నీళ్ళు పారే మడుల రైతులంతా కలిస్తే ఒక సుబాక్. నీ ఇల్లు ఏ ఊళ్ళో ఉన్నా, నీ మడికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో ఆ సుబాక్‌లోనే నువ్వు సభ్యుడివి. పెద్దను పెకసేహ్ అంటారు. కాలువకు అడ్డంగా వేసిన దుంగకు గాట్లు పెట్టి, ఎవరి వాటా ఎంతో గాటు వెడల్పుతో తేలుస్తారు. ఆ గాట్ల పక్క నుంచే నువ్వు నడిచి వెళ్ళి ఉంటావు. నీ ఫోటోల్లో ఒకదాంట్లో ఓ మూల అది కనబడుతూనే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి చెప్తాను. ఎగువ రైతుకు నీళ్ళ బలం ఉంది, దిగువ వాడికి ఎందుకివ్వాలి? మన చెరువుల కింద ఈ గొడవతో తలలు పగిలాయి. బాలిలో దిగువ రైతు చేతిలో కూడా ఒక బలం ఉంది, పురుగు. అందరూ ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి మడులు ఖాళీగా పెడితే పురుగుకు తిండి దొరకదు. దిగువ వాడికి సమయానికి నీళ్ళు అందకపోతే వాడు ఆలస్యంగా నాటుతాడు, అక్కడ పెరిగిన పురుగు పైకి వస్తుంది. అందుకని ఎగువ వాడు నీళ్ళు వదులుతాడు. ఎవరు ఎప్పుడు నాటాలో నీటి గుళ్ళ దగ్గర కూర్చుని తేల్చుకుంటారు.

1970ల్లో ప్రభుత్వం కొత్త వంగడాలు ఇచ్చి, ఎన్ని పంటలు వీలైతే అన్ని వేయండి అంది. ఎవరికి వాళ్ళు నాటారు. సుడిదోమ వచ్చింది, టుంగ్రో తెగులు వచ్చింది. మన డెల్టా రైతుకు సుడిదోమ అంటే ఏమిటో నువ్వు వివరించక్కర్లేదు, ఆ ఒక్క మాట రాస్తే చాలు, బాలి పొలం మన పొలం పక్కకు వచ్చేస్తుంది. మందు మీద మందు కొట్టారు. చివరికి 1986లో ఇండొనేసియా ప్రభుత్వమే వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవ శాస్త్రవేత్త, జేమ్స్ క్రెమర్ అనే జీవావరణ శాస్త్రవేత్త బాలిలోనే వేరే రెండు నదుల కింద ఉన్న 172 సుబాక్‌లను కంప్యూటర్‌లో పెట్టి చూశారు. గుళ్ళ దగ్గర కుదుర్చుకునే పద్ధతికే మంచి దిగుబడి తేలింది. ఇంత కథ ఉన్న నేల మీద నిలబడి "పచ్చని తివాచీ" అని రాశావు.

తప్పు నీ ఒక్కదానిది కాదు. పత్రికలు అలా అలవాటు చేశాయి. ఊరంటే పెద్ద ఫోటో, కింద నాలుగు తీపి మాటలు. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు మా ఊరి చెరువు మీద ఒక వారపత్రికకు రాశాను. నీరడి తాత గురించి ఒక పేజీ రాశాను. ఆయన ఏ అర్ధరాత్రి లేచి తూము ఎత్తుతాడు, కోతలప్పుడు ఆయకట్టు రైతులు ఆయనకు మేర ఎంత కొలుస్తారు, ఆ ఏడు తూము రాయి పగిలి నీళ్ళు ఎలా పోతున్నాయి, అన్నీ. ఎడిటర్ ఆ పేజీ మొత్తం కొట్టేసి, చెరువులో తామరపూలు ఉన్నాయన్న వాక్యాన్ని హెడ్డింగ్ చేశాడు. ఊళ్ళో హోటల్ ముందు పత్రిక చదివి వినిపించాను. తాత చివరిదాకా విని, "తూము పలిగిన ముచ్చట రాసిన అంటివి గద బిడ్డా" అన్నాడు. ఆ అచ్చు చూసి ఎవరైనా వచ్చి బాగు చేస్తారని ఆయన ఆశ. ఆ యాసంగికి చివరి ఆయకట్టు ఎండిపోయింది. ఆ ఎడిటర్ మీద కోపం నాకింకా పోలేదు, పోవాలని కూడా లేదు.

ఇక నీ నాలుగో పేజీ వాక్యం. "కోత కోస్తున్న ముసలామె కత్తిని అరచేతిలో దాచుకుంది." అంతే రాసి, తర్వాతి పేరాలో కాఫీ రుచికి వెళ్ళిపోయావు. ఆ కత్తిని ఇండొనేసియాలో ఆనీ-ఆనీ అంటారు. వరితల్లి దేవి శ్రీ భయపడకూడదని అరచేతిలో పట్టుకుని, ఒక్కో కంకి విడిగా తెంపుతారు. జాతిలువిలో ఇంకా వేసే పాత ఎర్ర వడ్లు పొడుగ్గా పెరుగుతాయి. గింజ తొందరగా రాలదు కాబట్టి కట్టలు కట్టి గాదెలో పెట్టుకోవచ్చు. కొత్త పొట్టి వంగడాల గింజ రాలిపోతుంది, వాటికి కొడవలి కావాలి. జావాలో కొడవలి వచ్చాక కోత కూలికి పోయే ఆడవాళ్ళు ఎంతోమందికి పని పోయింది. నువ్వు చూసిన ముసలామె చేతిలో ఇదంతా ఉంది. ఆమెను చూసి ఆగావు, ఆ వాక్యం రాశావు, అది చదివినప్పుడు నాకు మా నీరడి తాత చేయి గుర్తొచ్చింది.

మళ్ళీ రాయి. ఆ కత్తితో మొదలుపెట్టు. సూర్యోదయం పేజీ తీసెయ్యి. అక్కడ నీకు ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకు ఫోన్ చేసి, ఆమె మడికి నీళ్ళు ఏ గాటు నుంచి వస్తాయో అడుగు. ఆమె ఎగువనుందా, దిగువనుందా కనుక్కో. ఆ కత్తి ఆమెకు ఎవరిచ్చారో కూడా. కాగితం మీద ప్రింట్ తీసి పోస్టులో పంపు, ఫోన్‌లో చదివితే నా కళ్ళు మండుతున్నాయి. దసరా దాకా ఇంట్లోనే ఉంటాను.