పాడని పాటలో నా గొంతు వినిపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: భక్తి ఆల్బమ్‌లలో పాడుతుంటాను. ఒక స్టూడియోకు రెండు పాటలు పాడి, డబ్బు తీసుకుని, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాను. ఇప్పుడు నేను పాడని మూడో పాట నా గొంతుతో, నా పేరుతో యూట్యూబ్‌లో వచ్చింది. ఏఐతో చేశారట. అడిగితే 'పేమెంట్ ఇచ్చేశాం, రికార్డింగ్ మాది' అంటున్నారు. నాకు హక్కేమైనా ఉందా?
– ఒక గాయని

జవాబు: ఉందండీ. వాళ్లు డబ్బిచ్చింది ఆ రెండు పాటలకే. ముందు ఆ అగ్రిమెంట్ తీసి చదవండి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఏ హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి ఇస్తున్నారో రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగానే లెక్క. ఈ నియమాలు గాయకుల ప్రదర్శన హక్కులకూ, అంటే తాము పాడిన పాట మీద వాళ్లకుండే హక్కులకూ వర్తిస్తాయి. 'సర్వహక్కులు స్టూడియోవే' అని ఒక వాక్యం ఉన్నంత మాత్రాన మీ గొంతుతో కొత్త పాటలు తయారుచేసుకునే హక్కు వాళ్లకు వచ్చేసినట్టు కాదని నా అభిప్రాయం.

అదే చట్టంలో 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 38బి కింద, హక్కులు రాసిచ్చేసినా సరే, మీ పరువు పోయేలా మీ పాటను వక్రీకరిస్తే అడ్డుకోవచ్చు. నిడివి తగ్గించడం, కేవలం సాంకేతిక కారణాలతో చేసే మార్పులు దీని కిందికి రావు. అందుకే అక్కడక్కడా శ్రుతి సరిచేశారని కేసు వేస్తే నిలబడటం కష్టం.

మూడో పాట సంగతి వేరు. దాన్ని మీరు పాడనే లేదు కాబట్టి 38బి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గొంతుకంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, కోర్టులే కాపాడుతున్నాయి. 2024 జులైలో బాంబే హైకోర్టు, అనుమతి లేకుండా అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో సృష్టించడాన్ని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. ఆయనంటే దేశమంతా తెలిసిన గాయకుడు, మీ గొంతును జనం గుర్తుపడతారని మీరు రుజువు చేయాలి కదా అనే వాదన రావచ్చు. కానీ స్టూడియో వాళ్లు మీ పేరు కూడా వేశారు. మీరు పాడారని నమ్మించి వినిపిస్తున్నారు. మీ కేసుకు అదే పెద్ద బలం. పేరు లేకుండా వదిలి ఉంటే నేనింత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు.

వీడియో తీసేసేలోపే లింకు, స్క్రీన్‌షాట్, అప్‌లోడ్ తేదీ, కింద రాసిన వివరాలు భద్రపరచండి. వాళ్ల వాట్సాప్ జవాబులు డిలీట్ చేయొద్దు. పాట తొలగించాలని, వచ్చిన ఆదాయానికి లెక్క చెప్పాలని లాయర్ నోటీసు పంపండి, యూట్యూబ్‌కూ ఫిర్యాదు చేయండి. వినకపోతే ఇంజంక్షన్, అంటే పాటను ఆపమనే కోర్టు ఉత్తర్వు కోరవచ్చు. ప్రదర్శన హక్కుల దావాను మీరు ఉండే జిల్లా కోర్టులోనే వేయవచ్చు, స్టూడియో ఉన్న ఊరికి తిరగాల్సిన పనిలేదు.

ఇకమీదట ఏ అగ్రిమెంట్‌లోనైనా ఈ వాక్యం రాయించాకే సంతకం పెట్టండి: 'ఈ రికార్డింగ్‌ను ఏఐ శిక్షణకు గానీ, గాయని గొంతును పోలిన గొంతు తయారీకి గానీ ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా వాడరాదు.'