హైదరాబాద్‌లో రెండున్నర నెలల పని: ఏజెన్సీకి కట్టాలా, నేరుగా వెతకాలా?

ప్రశ్న: బీకాం (కంప్యూటర్స్) ఆఖరి సెమిస్టర్ అయిపోయింది. ఐసెట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) కూడా రాశాను. కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు, అంటే జూన్ నుంచి ఆగస్టు సగం దాకా, హైదరాబాద్‌లో ఏదైనా పని చేసి ఎంబీఏ ఫీజుకు కొంత కూడబెట్టాలని ఉంది. ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) వచ్చు. నాన్న బైక్ ఉంది కానీ నాకు ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) మాత్రమే ఉంది. చేతిలో పది వేలు ఉన్నాయి. రూ.2,500 కడితే పార్ట్‌టైం ఉద్యోగం ఖాయమని ఒక ఏజెన్సీ అంటోంది. కట్టమంటారా?
- ఓ విద్యార్థి, సూర్యాపేట

జవాబు: కట్టకండి. ఇలా ముందే డబ్బు తీసుకునేవాళ్లు సాధారణంగా చేసేది నాలుగు ఫోన్ నంబర్లు చేతిలో పెట్టి ‘వెళ్లి కలవండి’ అనడమే. అక్కడికి వెళ్తే మీలాగే కట్టి వచ్చినవాళ్లు ఇంకా ఉంటారు. పని రాకపోతే ‘ఇంటర్వ్యూలో మీరే ఫెయిలయ్యారు’ అంటారు, డబ్బు వెనక్కి రాదు. డెలివరీ యాప్‌లు టీషర్టుకు, బ్యాగుకు కొంత తీసుకోవడం నిజమే. కానీ అది యాప్‌లోనే కట్టించుకుంటారు, లేదా మీ సంపాదనలోంచి వాయిదాల్లో పట్టుకుంటారు. ఎవరో ఒక మనిషి ఫోన్‌పే నంబరుకు పంపమంటే అక్కడితో మాట ఆపేయండి.

ఇంత తక్కువ రోజుల పనికి రెండే లెక్కలు చూసుకోవాలి. ఖర్చులు పోను గంటకు ఎంత మిగులుతుంది? ఆ డబ్బు ఏ రోజు చేతికొస్తుంది? రెండోదాన్ని చాలామంది అడగరు. నెల జీతం మరుసటి నెల పదో తేదీన ఇచ్చే చోట జూన్ 5న చేరితే మొదటి రూపాయి జూలై 10న కళ్లబడుతుంది. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ వైపు షేరింగ్ హాస్టల్‌కే ఆరేడు వేలు ముందు కట్టాలి, పైన అడ్వాన్సు ఉంటుంది. మీ పది వేలు వారం, పది రోజుల్లో ఖాళీ అవుతాయి. అందుకే రోజుకూ వారానికీ డబ్బిచ్చే పనితో మొదలుపెట్టి, నెల జీతం ఉన్నదాన్ని దాని పక్కన పెట్టుకోండి.

మీకు ట్యాలీ వచ్చు, వచ్చేది జూన్. కాబట్టి నా మొదటి సలహా చిన్న సీఏ ఆఫీసులు, ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసులు. జూన్, జూలైల్లో ఐటీ రిటర్నుల పని ముమ్మరంగా ఉంటుంది. దానికి తోడు ప్రతి నెలా జీఎస్‌టీ: నెలవారీగా ఫైల్ చేసేవాళ్లకు 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20వ తేదీకి జీఎస్‌టీఆర్-3బీ (పన్ను లెక్క, చెల్లింపు) వెళ్లాలి. ఒకరిద్దరు అసిస్టెంట్లున్న ఆఫీసులో ఆ పదిహేను రోజులు ఊపిరాడదు. ఎంట్రీలు కొట్టే మనిషి దొరికితే చాలనుకునేది అప్పుడే. హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, అబిడ్స్, అమీర్‌పేటల్లో ఇలాంటి ఆఫీసులు ఒక్కో కాంప్లెక్సులో నాలుగైదు కనిపిస్తాయి. నెల మొదటి మూడు, నాలుగు రోజుల్లో ఉదయం 11 గంటల ప్రాంతంలో ఒక పేజీ రెజ్యూమే పట్టుకుని నేరుగా వెళ్లండి. 18, 19 తేదీల్లో వెళ్తే మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

‘ట్యాలీ వచ్చా?’ అని అడిగి సరిపెట్టుకోరు. ఒక బిల్లుల కట్ట ముందు పెట్టి కొట్టమంటారు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది పన్ను కాలమ్‌లోనే. బిల్లు మీద అమ్మినవాళ్ల జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు చూడండి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. హైదరాబాద్ క్లయింటు 36తో మొదలయ్యే సరఫరాదారు దగ్గర సరుకు కొంటే మామూలుగా కేంద్రం వాటా సీజీఎస్‌టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్‌టీ సగం సగం పడతాయి. అదే సరుకు విజయవాడ నుంచి, అంటే 37 నంబరు మీద వస్తే ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఒకే పన్ను). ఇది తారుమారైతే నెలాఖరు లెక్క పోర్టల్‌లోని జీఎస్‌టీఆర్-2బీతో (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) కలవదు, ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పూట పోతుంది. రెండో తప్పు ఒకే బిల్లును రెండుసార్లు కొట్టడం: వాట్సాప్‌లో ఒకసారి, కాగితంగా ఇంకోసారి వస్తుంది. కొట్టిన ప్రతి బిల్లు మీదా పెన్సిల్‌తో ట్యాలీలోని వోచర్ (ఎంట్రీ) నంబరు వేస్తే ఈ ఇబ్బంది రాదు. బయల్దేరే ముందు ఊళ్లోనే ఏదైనా కిరాణా షాపు వాళ్లను అడిగి ముప్పై, నలభై కొనుగోలు బిల్లులు, ఒక నెల బ్యాంకు స్టేట్‌మెంటు కొట్టి, రీకన్సిలియేషన్ (రెండు లెక్కలూ సరిపోల్చడం) చేసి చూడండి. అక్కడ కూర్చున్నప్పుడు చేయి వణకదు.

జీతం దగ్గర మొహమాటపడకండి. ‘ఆగస్టు మధ్య దాకే ఉంటాను, వారానికోసారి ఇవ్వగలరా?’ అని మొదటి రోజే చెప్పండి. శాశ్వతంగా ఉంటానని అబద్ధం చెప్పి చేరితే ఆఖరి నెల జీతం పట్టుకునే ప్రమాదం ఉంది. డబ్బు కొంచెం తక్కువైనా ఈ పనికే నేను ఓటేస్తాను. ఎంబీఏలో ఫైనాన్స్ తీసుకుంటే క్లాసులో మీకు తెలిసిన బిల్లుల గురించే చెబుతారు.

ఇప్పుడు డెలివరీ సంగతి. ఎల్‌ఎల్‌ఆర్ మీద అది కుదరదు. యాప్‌లు పర్మనెంటు లైసెన్సు అడుగుతాయి. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాత డ్రైవింగ్ టెస్టుకు వెళ్లవచ్చు, ఆ రోజులు నిండి ఉంటే సూర్యాపేటలోనే అది ముగించుకుని రండి. బైక్ ట్యాక్సీ మాత్రం వద్దనే అంటాను. సొంత వాడకానికి తీసుకున్న బీమా పాలసీ కిరాయికి మనుషుల్ని తిప్పడానికి వర్తించదు. వెనక కూర్చున్న మనిషికి దెబ్బ తగిలితే ఆ ఖర్చు మీ నాన్న నెత్తిన పడుతుంది.

లైసెన్సు వచ్చాక డెలివరీ చేస్తారనే అనుకుందాం. యాప్ తెర మీద రోజుకు రూ.1,000 కనిపించిందనుకోండి. అందుకోసం పది గంటల్లో 110 కిలోమీటర్లు తిరిగారు. ఊళ్లో 55 ఇచ్చే బండి సిగ్నళ్ల మధ్య 45 ఇస్తే గొప్ప. అంటే దాదాపు రెండున్నర లీటర్లు, లీటరు రూ.107 అనుకుంటే రూ.260 పైనే. ఇంజిన్ ఆయిల్, బ్రేకులు, చైను, టైరు అరుగుదల కింద కిలోమీటరుకు 60 పైసలు పక్కన పెడితే రూ.66. భోజనం, టీ రూ.120. మిగిలింది సుమారు రూ.550, గంటకు 55. ఈ లెక్కలో పంక్చరు లేదు, చలానా లేదు.

టైం ఎక్కడ పోతుందో కూడా తెలిసి ఉండాలి. కొండాపూర్, నల్లగండ్ల వైపు గేటెడ్ కమ్యూనిటీలో గేటు దగ్గర సెక్యూరిటీ యాప్‌లో ఎంట్రీ, పార్కింగు బయటే, టవర్ వెతుక్కోవడం, సర్వీస్ లిఫ్టు కోసం నిలబడటం, పద్దెనిమిదో అంతస్తు. దిగి బండి తీసేసరికి పది నిమిషాలు. పదిహేను ఆర్డర్లలో సగం ఇలాంటివైతే గంటకు పైగా గాల్లో కలిసినట్టే. ఇన్సెంటివ్ రావాలంటే మధ్యాహ్నం 12 నుంచి 3, రాత్రి 7 నుంచి 11 లాగిన్‌లో ఉండాలి, వచ్చిన ఆర్డర్ కాదనకూడదు. ఆఖరి ఆర్డర్ పది కిలోమీటర్ల అవతల పడితే తిరుగు ప్రయాణం ఖర్చు మీదే. పైగా మీరు వచ్చేది వానాకాలం. అందుకే మీకు దీన్ని మూడో దారిగానే చెబుతున్నాను.

రెండో దారి సాయంత్రాలు, శని, ఆదివారాలు. ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్ పని రోజు డబ్బులకు మంచిదే: నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా మీరే తెచ్చుకోవాలి, భోజనం అక్కడే. చంపాపేట-కర్మన్‌ఘాట్ దారిలో, కొంపల్లి వైపు హాళ్లు వరుసగా ఉంటాయి. అయితే ఆషాఢంలో ముహూర్తాలుండవు. కేటరింగ్‌నే నమ్ముకుంటే ఆ నెల పస్తే. దానికి బదులు అదే నెలలో బట్టల షాపుల్లో ఆషాఢం సేల్ నడుస్తుంది. అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలో పెద్ద షాపులకు కౌంటరు దగ్గర, ప్యాకింగులో, స్టాకు లెక్కలో అదనపు మనుషులు కావాలి. సేల్ బోర్డు పడ్డాక కాదు, వారం ముందే వెళ్లి ఫ్లోర్ మేనేజర్‌ను అడగండి. బిల్లింగ్ తెలుసని చెబితే రోజంతా నిలబడి చీరలు మడతపెట్టే పని తప్పుతుంది. ఒక్కటి అడగడం మరవద్దు: కౌంటర్లో డబ్బు తక్కువైతే ఎవరు కట్టాలి? బిల్లింగ్‌లో కూర్చోబెట్టే ముందే దీన్ని తేల్చుకోండి. శ్రావణం రాగానే పెళ్లిళ్లు మళ్లీ మొదలవుతాయి.

ఆన్‌లైన్ పరీక్షా కేంద్రాల్లో ఇన్విజిలేటర్ పని కూడా రోజు లెక్కనే ఉంటుంది, మర్యాదైన పని. కాకపోతే తెల్లవారకముందే బయల్దేరాలి, డబ్బు తరచూ కొన్ని వారాల తర్వాత ఖాతాలో పడుతుంది. హాస్టల్ అద్దెకు దాన్ని నమ్ముకోకండి.

కాగితాలు. పాన్ లేకపోతే ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆధార్‌తో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది, ఆధార్‌కు మీ ఫోన్ నంబరు లింకై ఉంటే చాలు. చెల్లింపులో టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టినా, పన్ను కట్టాల్సినంత ఆదాయం లేదు కాబట్టి రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కేంద్ర పోర్టల్) పేరు నమోదు చేసుకోండి, అదీ ఉచితమే. మీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి: ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. రోడ్డు మీద తిరిగే పనికి వెళ్లేవాళ్లెవరైనా ఇది లేకుండా ఇల్లు కదలకూడదు.

మోసాల్లో ఇప్పుడు మీ వయసువాళ్లను ముంచుతున్నవి రెండు. ఒకటి టెలిగ్రామ్ టాస్కులు. వీడియోలకు లైకులు కొడితే మొదట నిజంగానే రూ.150, 200 వేస్తారు. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అని వెయ్యి, ఐదు వేలు, ఇరవై వేలు కట్టిస్తారు. రెండోది ఇంకా ప్రమాదం: ‘మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వండి, కమీషన్ ఇస్తాం’. అందులోకి వచ్చేది ఇంకెవరినో మోసం చేసిన డబ్బు. ఖాతా స్తంభించిపోతుంది, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ దాన్ని ఆపడం కష్టం.

కాంట్రాక్టర్ కింద చేసే పనికి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, చోటు, వెళ్లిన టైం, వచ్చిన టైం, మాట్లాడుకున్న కూలీ, సూపర్‌వైజర్ నంబరు. ముందురోజే ‘అన్నా, రేపు నాలుగింటికి వస్తున్నా, 700 అన్నారు కదా’ అని వాట్సాప్ పెట్టండి. అతను ‘సరే’ అన్నా అదే మీకు రుజువు. ‘మూడు ఫంక్షన్లయ్యాక ఒకేసారి ఇస్తా’ అంటే మొదటి ఫంక్షన్ డబ్బు అందేదాకా రెండోదానికి వెళ్లకండి. అప్పటికీ ఎగ్గొడితే ఆ పుస్తకం, ఆ మెసేజీలు పట్టుకుని కార్మిక శాఖకు వెళ్లండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉంది.

పదో తరగతి మెమో, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్ మాత్రం హైదరాబాద్ తీసుకురావద్దు. కొందరు చేరేటప్పుడు ‘ఒరిజినల్స్ మా దగ్గర ఉంచండి’ అంటారు. మధ్యలో మానేయకుండా పట్టుకోవడానికే అది. ఐసెట్ సర్టిఫికెట్ల పరిశీలనకు మీకు అవే కావాలి. జిరాక్సులు, డిజీలాకర్ ప్రతులు చూపించండి. కౌన్సెలింగ్ షెడ్యూలు రాగానే మీ తేదీ చెప్పి, దానికి వారం ముందే లెక్క తేల్చుకుని సూర్యాపేట బస్సెక్కండి.