మూడు హెచ్‌పీనా, ఐదు హెచ్‌పీనా అని అడిగిన తండ్రికి

ప్రశ్న: భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగిని. వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నాను. మా అబ్బాయి వరంగల్‌లో ఐటీఐ ఫిట్టర్ చేశాడు. పాత బుల్లెట్ బైకుల పార్టులు, అలాయ్ వీల్స్ బ్లాస్టింగ్ చేసే షాపు, అంటే గాలి ఒత్తిడితో సన్న గుళికలు చిమ్మి తుప్పు, పాత రంగు ఊడగొట్టే షాపు, హన్మకొండలో పెడతానంటున్నాడు. షట్టర్ చూశాం, బోర్డు కూడా డిజైన్ చేయించాం. 3 హెచ్‌పీ గాలి కంప్రెసర్, పార్టు లోపల పెట్టి బ్లాస్టింగ్ చేసే మూత పెట్టె (క్యాబినెట్) ఒకటి చాలంటున్నాడు. 5 హెచ్‌పీ కొనాలా? బంధువులేమో ఇంజినీరింగ్ చదివించమంటున్నారు.

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, ఒక్కో ఏడు ఒక్కో మిషన్ పేరుతో వస్తుంది. మొన్నటిదాకా డ్రోన్లు, ఇప్పుడు బ్లాస్టింగ్. మీరు హెచ్‌పీ అడిగారు గానీ, ఈ పైసలు పోతే పిల్లవాడు నిలబడతాడా అన్నదే మీకు నిద్ర పట్టనివ్వట్లేదు.

ముందు మిషన్ సంగతి. 3 హెచ్‌పీ చాలదు. హెచ్‌పీ కాదు, నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో చూడాలి. దాన్ని సీఎఫ్ఎం అంటారు. గుళికలు చిమ్మే గన్‌లో గాలి వచ్చే రంధ్రం (జెట్) 3 మిల్లీమీటర్లు ఉంటే, 80 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర సుమారు 15 నుంచి 18 సీఎఫ్ఎం తాగుతుంది. పిస్టన్ కంప్రెసర్ ఒక్కో హెచ్‌పీకి మహా అయితే 4 సీఎఫ్ఎం ఇస్తుంది. 3 హెచ్‌పీ పెడితే గన్ నొక్కిన కాసేపటికే గేజ్ ముల్లు 100 నుంచి 50కి జారిపోతుంది. తుప్పు అలాగే ఉంటుంది, కుర్రాడు ట్యాంకు నిండేదాకా ఫోన్ చూస్తూ కూర్చుంటాడు. ట్యాంకు పెద్దదైతే ఆ జారడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. 5 హెచ్‌పీ అయితే సన్న జెట్‌తో లాగవచ్చు. రోజంతా పని అంటే 7.5 హెచ్‌పీ, త్రీఫేజ్ కరెంటు కావాలి. మీరు చూసిన షట్టర్‌కు త్రీఫేజ్ ఉందా? కంప్రెసర్ అమ్మే షాపులో ఫ్రీ ఎయిర్ డెలివరీ, అంటే నిజంగా బయటికి వచ్చే గాలి, ఎంతో అడగండి. కాగితం మీద పెద్దగా వేసే డిస్‌ప్లేస్‌మెంట్ (పిస్టన్ లెక్కప్రకారం లాగే గాలి) అంకె కంటే అది బాగా తక్కువ ఉంటుంది.

క్యాబినెట్ మొదటిది సక్షన్ రకం (గాలి వేగంతోనే గుళికలను గన్‌లోకి పీల్చుకునేది) చాలు. 17 అంగుళాల వీల్ లోపల తిప్పగలగాలి, డస్ట్ కలెక్టర్ ఉండాలి, ఎర్తింగ్ తప్పనిసరి. లేకపోతే గ్లౌజుల్లోంచి కరెంటు చురుక్కుమంటుంది. ఇక ఇసుక. మానేరు ఇసుక చవగ్గా దొరుకుతుందని అందులో పోయనివ్వకండి. గ్లాస్ బీడ్స్ (సన్న గాజు గుళికలు), అల్యూమినియం ఆక్సైడ్ మాత్రమే. ఇసుక దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. గనిలో పనిచేసిన మీకు ఊపిరితిత్తుల సంగతి నేను చెప్పాలా?

ఈ వ్యాపారం మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. రీల్‌లో నల్లటి ఇంజిన్ కవర్ అరనిమిషంలో వెండిలా మెరుస్తుంది. దాన్ని విప్పి, గ్రీజు కడిగి, బోల్టు రంధ్రాలన్నీ టేపుతో మూసిన అరపూట అందులో కనబడదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్ దాదాపు పోయింది, కార్బురేటర్లు శుభ్రం చేసే ఆ చిల్లర పని ఏటేటా తగ్గుతుంది. గేట్లు, గ్రిల్స్ లాంటి రోజువారీ పని ఉంది గానీ, అవి క్యాబినెట్‌లో పట్టవు. నెలకు ఎన్ని బుల్లెట్లు వస్తాయో మీవాడు లెక్క వేశాడా?

ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోవద్దు. షట్టర్ గురించి రాశారు, బోర్డు గురించి రాశారు. అబ్బాయి ఎవరి దగ్గరైనా ఒక్క నెల పనిచేశాడా అన్నది రాయలేదు. బోర్డు డిజైన్ చేయించే తొందరలో ఆ సంగతి మీకూ గుర్తు రాలేదు. మిషన్ కొనిస్తే పిల్లవాడు కుదురుకుంటాడనుకోవడం, పెళ్లి చేస్తే బాగుపడతాడనుకోవడం లాంటిదే.

అలాగని భయపడకండి. ఐటీఐ ఫిట్టర్‌కు పని దొరకని ఊరు కాదు మనది. చెయ్యి తిరిగిన కుర్రాడు రైస్‌మిల్లు మెయింటెనెన్స్‌లోనైనా బతుకుతాడు. చదవాలనిపిస్తే ఎల్‌పీసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బంధువులకు ఆ మాట చెప్పి ఊరుకోబెట్టండి. రిటైర్‌మెంట్ డబ్బు ముట్టకుండా, ఏడాది తర్వాత కావాలంటే ముద్రా లోన్ చూసుకోవచ్చు.

ముందు బ్లాస్టింగ్ కూడా చేసే ఏదైనా పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అంటించే) షాపులో ఆర్నెల్లు చేర్చండి, జీతం తక్కువైనా సరే. వానాకాలం తప్పకుండా అక్కడే ఉండాలి. సాయంత్రం ట్యాంకు కింద వాల్వ్ తిప్పితే ఎన్ని నీళ్లు కారతాయో, ఆ తేమకు బీడ్స్ ఎలా ఉండలు కట్టి గన్ మూసుకుపోతుందో చూస్తాడు. ఆ తర్వాత కూడా షాపు పెడతానంటే, ఇద్దరూ కలిసి నా దగ్గరకు రండి.