వంగతోటకు మోనోక్రోటోఫాస్ ఇచ్చారన్న మీ ప్రశ్నకు సమాధానం

వంగలో కాయతొలుచు పురుగుకు దుకాణంలో రసీదు లేకుండా మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఇచ్చారని, దానిని పిచికారీ చేయవచ్చా అని మీరు అడిగారు. దయచేసి చేయకండి. కూరగాయలపై ఈ మందు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. 36 శాతం ద్రావణంపై 2023లో పూర్తి నిషేధపు ఉత్తర్వు వచ్చింది. ఇది మొక్క లోపలికి ఇంకే విషం కనుక కాయలను ఎంత కడిగినా పోదు, వాటిని తినేది మన పిల్లలే.

సీసా మూత తీయకుండా, దానిపై ఉన్న ఎర్ర త్రికోణం (విష తీవ్రతను తెలిపే గుర్తు), బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 1968 పురుగుమందుల చట్టం కింద ఇన్‌స్పెక్టరుగా నియమితులైన అధికారికి దుకాణాన్ని తనిఖీ చేసి, నమూనాలు తీసి, అమ్మకాన్ని ఆపించే అధికారం ఉంది. ఈలోగా పురుగు పట్టిన కొమ్మల చివళ్లను తుంచి నాశనం చేసి, లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో ఆకర్షించి పట్టే ఉచ్చులు) పెట్టండి.